పంచుకోవడం మరిచిన పేరు

నేను చేసిన వ్యాపారం ఏమిటో ఈ రోజుకీ మా బంధువుల్లో సగం మందికి తెలియదు. మిగతా సగం మంది తెలిసినట్టు తలాడించి, "అయితే ఇప్పుడు అంకణం ఎంత పోతా ఉంది?" అని అడుగుతారు. నెల్లూరులో స్థలాన్ని అంకణాల్లోనే కొలుస్తారు, బ్రోకరంటే స్థలాల బ్రోకరే. పక్కన డొమైన్ అన్న మాట చేర్చినా, అదేదో కొత్త లేఅవుటు పేరనుకుంటారు.

ఇప్పుడు ఆ పని మానేశాను. కళ్ళు మొరాయించాయి, ఓపికా తగ్గింది. మా మనవరాలి స్నేహితులు ఇద్దరు ముగ్గురు వచ్చి, "అమ్మమ్మా, మేమూ ఆ పని చేద్దామనుకుంటున్నాం, ఎట్టా మొదలుపెట్టాల?" అని అడుగుతున్నారు. ఎలా మొదలుపెట్టాలో చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. నేను చెప్పగలిగింది, చేతికి అందిన మొదటి పెద్ద బేరం నా బల్ల మీదే ఎలా ఆగిపోయిందో, అంతే.

అంతకు ముందు నేను కృష్ణపట్నం ఓడరేవులో ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో డాక్యుమెంట్లు చూసేదాన్ని. ఏ ఓడలో ఏ సరుకు, ఎవరి పేరున, ఎక్కడికి. అక్షరం తప్పయితే సరుకు రేవులో పడి ఉంటుంది. ఒకసారి మా ఆఫీసు తన వెబ్‌సైటు పేరుకు గడువు లోపల డబ్బు కట్టడం మరిచిపోయింది. ఆ పేరును ఎవరో కొనేసుకున్నారు. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి విదేశంలో ఉన్న ఒక బ్రోకరును పట్టుకోవాల్సి వచ్చింది. ఆ ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ రాసింది నేనే. ఇంటర్నెట్టులో ఒక పేరు, దాన్నే డొమైన్ అంటారు, ప్రపంచం మొత్తానికి ఒక్కరికే ఉంటుందనీ, అది ఇంకొకరికి కావలసి వస్తే మధ్యలో మాట్లాడే మనిషి ఉంటాడనీ నాకు అప్పుడే తెలిసింది. నాలుగు మంచి మాటలు రాసి, ఓపికగా జవాబుకోసం ఎదురుచూడటమే ఆ మనిషి చేసిన పని. ఆ రెండూ నాకు వచ్చు.

తర్వాత మా ఆఫీసును చెన్నై ఆఫీసులో కలిపేశారు. యాభై దాటిన నన్ను చెన్నై రమ్మన్నారు. నేను పోలేదు. రొయ్యల మేత అమ్మే కొట్టు పైన, నెల్లూరులోనే మద్రాసు బస్టాండు దగ్గర ఒక గది తీసుకుని, ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు వేసుకుని 'డొమైన్ బ్రోకర్' అని బోర్డు పెట్టాను. మొదటి వారంలో వచ్చిన వాళ్ళలో ఒకాయన ముత్తుకూరు రోడ్డులో ప్లాటు కావాలన్నాడు. ఇంకొకాయన సంచిలోంచి కొడుకు ఫోటో తీసి, మంచి సంబంధం చూడమన్నాడు.

ప్లాటు కావాలన్న ఆయన్ని పక్క గదికి పంపించాను. ఆ పక్క గది ఒక అసలైన స్థలాల బ్రోకరుది. ఇస్త్రీ తెల్లచొక్కా, రెండు ఫోన్లు, ఎప్పుడూ తలుపు దగ్గర విడిచి ఉండే తోలు చెప్పులు. నేను పంపిన గిరాకీకి కృతజ్ఞతగా ఆయన ఆ సాయంత్రం వచ్చి నా రెండో కుర్చీలో కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వు అమ్మే ఈ పేర్లు యాడుంటాయి? సర్వే నంబరు ఏంది?" అన్నాడు.

నాకు తెలిసినంత విడమరిచి చెప్పాను. ఆయన కాసేపు గోడవైపు చూసి, "అంటే పట్టా ఉంది, భూమి లేదు" అన్నాడు. ఇంతకంటే బాగా నేను ఎవరికీ చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి ఆయన నాకు అన్న. కొన్నాళ్ళకు తన కార్డు మీద 'స్థలములు, ఇండ్లు, ఇంటర్నెట్ పేర్లు' అని అచ్చు వేయించుకున్నాడు. నన్ను అడగలేదు. అడిగినా కాదనేదాన్ని కాదు.

చిన్న చిన్న బేరాలు జరిగాయి. ఒక మిఠాయి కొట్టుకు, ఒక ప్రైవేటు స్కూలుకు పేర్లు ఇప్పించాను. గది అద్దెకు సరిపడా ఒక నెల వచ్చేది, ఒక నెల వచ్చేది కాదు. అలాంటి రోజుల్లో తడ దగ్గర పారిశ్రామికవాడలో కొత్తగా పెడుతున్న ఒక కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. రొయ్యల్ని శుభ్రం చేసి, డబ్బాల్లో పెట్టి ఎగుమతి చేసే కంపెనీ. వాళ్ళకు ఒక పేరు కావాలి. సముద్రానికి సంబంధించిన చిన్న తెలుగు మాట, చివర డాట్ కామ్. ఆ పేరు ఇప్పటికీ బతికే ఉంది కాబట్టి ఇక్కడ రాయను. ఆ కంపెనీ మేనేజరు చెన్నై మనిషి. తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ కలిపి గబగబా మాట్లాడేవాడు. "మేడమ్, డబ్బాలు ప్రింటింగుకి పోవాల. ఈ పేరు వచ్చినాకనే. కొంచెం సీక్రమ్!" అని తొందరపెట్టేవాడు. ఈ బేరం కుదిరితే గది గురించి ఒక ఏడాది ఆలోచించనక్కర్లేదు.

ఆ పేరు అప్పటికే ఎవరో తీసుకుని ఉన్నారు. వాళ్ళ మెయిలుకు మర్యాదగా రాశాను. జవాబు లేదు. ఇంకా మర్యాదగా రాశాను. లేదు. అన్న నా వెనక నిలబడి చూసి, "మెయిల్ కొడితే ఎవురమ్మా అమ్మేది? స్థలం కొనేటప్పుడు మనిషిని చూసేదానికి పోమా? పదా" అన్నాడు. పేరు నమోదైన చోట పాత చిరునామా ఒకటి కనిపిస్తోంది. తోటపల్లి గూడూరు మండలం, రొయ్య పిల్లల హేచరీ. ఆయన పాత కారులో బయలుదేరాం.

హేచరీ మూతపడి ఉంది. తొట్లలో వాననీళ్ళు పచ్చగా నిలిచి ఉన్నాయి. షెడ్డు రేకులు గాలికి టపటపమంటున్నాయి. బయట ఇసుకలో చేపలు ఎండబెడుతున్న ఒకావిడ మమ్మల్ని చూసి, "అది అమ్మరు సామీ" అంది, మేం అడక్కముందే. అన్న నవ్వి, స్థలం కాదు, పేరు కోసం వచ్చామన్నాడు. ఆవిడకు అదేమీ ఆశ్చర్యంగా అనిపించినట్టు లేదు.

"ఇద్దురు ఉండిరి," అంది. "ఒకాయన ఊళ్ళోకి పోయి వరి పెట్టుకున్నాడు. ఇంకొకాయన నెల్లూర్లో నీళ్ళు చూసే ల్యాబు పెట్టినాడు. ఒకప్పుడు ఒక కంచంలో తిన్నోళ్ళు. ఇప్పుడు మాటల్లేవు."

ఆ ఇద్దరినీ వెతికి పట్టుకోవడం కష్టం కాలేదు. ముందు వరి పెట్టుకున్నాయన దగ్గరికి పోయాం. పొలం గట్టు మీద లుంగీ ఎగ్గట్టి నిలబడి ఉన్నాడు. మజ్జిగ తెప్పించి, కూర్చోబెట్టి, అంతా విన్నాడు. పాత భాగస్తుడి సంతకం కూడా కావాలనగానే ముఖం మారిపోయింది.

"ఆ పేరు పెట్టింది నేను," అన్నాడు. "సముద్రం ఒడ్డున టీ తాగతా ఉంటే నా నోట్లోంచి వచ్చిన మాట అది. వాడు తనే పెట్టినానని చెప్తాడు, చూడండి."

మర్నాడు ల్యాబ్ ఆయన దగ్గరికి పోయాం. సన్నటి మనిషి, గోడకు ఏసుక్రీస్తు పటం, బల్ల నిండా రైతులు తెచ్చిన నీళ్ళ సీసాలు. విషయం చెప్పగానే, "ఆ పేరు పెట్టింది నేను" అన్నాడు. అన్న నా వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

వాళ్ళిద్దరూ కాలేజీలో స్నేహితులు. ఒకరు లోపలి పల్లెలో రైతు కొడుకు, ఇంకొకరు టౌన్లో పాస్టరు గారి అబ్బాయి. కలిసి హేచరీ పెట్టారు, పక్కనే చెరువులు కౌలుకు తీసుకున్నారు. కొన్నేళ్ళు బాగానే నడిచింది. ఆ తర్వాత ఒక పంటకు తెల్లమచ్చ జబ్బు తగిలి రొయ్యలన్నీ పోయాయి. రొయ్య పిల్లను సరిగా పరీక్ష చేయకుండా చెరువులో వదిలాడని రైతు, కాలవ నీళ్ళు ఆగమన్నా ఆగకుండా పెట్టాడని ల్యాబ్ ఆయన. ఎవరి మాట నిజమో వాళ్ళకే తెలియదు. మోటార్లు, వలలు, నీలం టార్పాలిన్ పట్టాలు, చివరికి బకెట్లు కూడా పంచుకున్నారు. ఈ పేరును పంచుకోవడం మాత్రం మరిచిపోయారు.

దానివల్ల వచ్చిన చిక్కు ఇది. ఆ పేరును ఇంకొకరికి మార్చాలంటే ముందు ఒక ఫోన్‌కు అంకెల కోడ్ వస్తుంది. దాన్ని కాసేపట్లో కొట్టాలి. వెంటనే ఒక మెయిలు వస్తుంది. దాన్ని తెరిచి 'సరే' అని నొక్కాలి. ఫోన్ నంబరు రైతుది. మెయిలు ల్యాబ్ ఆయనది. నా ఉత్తరాలకు జవాబు ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. ఆయన ఆ మెయిలు తెరిచి ఏళ్ళయిందట.

ల్యాబ్ ఆయన అమ్మకానికి వెంటనే ఒప్పుకున్నాడు. ల్యాబులోకి ఒక కొత్త మిషను కావాలి. "వాడు సరేనంటే నాకు అడ్డేం లేదు" అన్నాడు. రైతు రెండు రోజులు ఆలోచించి, "వాడికి లేని బాధ నాకెందుకు? అమ్మేయండి" అన్నాడు. ఫోన్లోనే పని కానిద్దామని చూశాను. రైతు ఊళ్ళో సిగ్నలు పోయింది, కోడ్ గడువు దాటింది. మళ్ళీ పంపితే ఆయన ట్రాక్టరు మీద ఉన్నాడు. తడ నుంచి మేనేజరు పూటకోసారి ఫోన్ చేస్తున్నాడు. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టడం తప్ప దారి లేదని అన్న తేల్చేశాడు.

"గొడవల్లో ఉండే అన్నదమ్ముల్ని రిజిస్ట్రారాఫీసులో నేను ఎంతమందిని కూర్చోబెట్టినానో! ఎదురెదురుగా కూర్చోపెట్టొద్దు. పక్కపక్కన, కిటికీ వైపు చూసేట్టు ఎయ్యి కుర్చీలు. సంతకాలయ్యేదాకా కాఫీ ఇవ్వబాక. కాఫీ తాగితే మాటల్లో పడతారు, మాటల్లో పడితే పాతవి తీస్తారు," అన్నాడు.

ఆ రోజు ఇద్దరూ ఒకేసారి వచ్చారు. మా మెట్లు ఇరుకు. ఒకరు ఎక్కేదాకా ఇంకొకాయన మేత బస్తాల పక్కన నిలబడ్డాడు. పైకి వచ్చి కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. మేనేజరు స్పీకరు ఫోన్లో ఉన్నాడు. అన్న తలుపు దగ్గర నిలబడ్డాడు.

ముందు ల్యాబ్ ఆయన తన పాత మెయిలు తెరవాలి. పాస్‌వర్డ్ గుర్తు రాలేదు. ఒకటి కొట్టాడు, కాదంది. ఇంకొకటి కొట్టాడు, అదీ కాదంది.

రైతు కిటికీలోంచి బస్సుల్ని చూస్తూ, నాతో అన్నాడు: "పాత స్కూటర్ నంబరు కొట్టమనండమ్మా."

ల్యాబ్ ఆయన కూడా నాతోనే అన్నాడు: "అది నాకు గుర్తులేదని చెప్పండమ్మా."

"దాని మీద మేత బస్తాలు మోసింది నేను. నాకు గుర్తుండదా?" అని రైతు నంబరు చెప్పాడు. మెయిలు తెరుచుకుంది. ఏళ్ళ తరబడి పేరుకుపోయిన చెత్తంతా తెర మీద పడింది. పైనే నా మర్యాద ఉత్తరాలు రెండూ ఉన్నాయి.

నేను ఆ పేరు నమోదై ఉన్న ఖాతా తెరిచి కోడ్ అడిగాను. రైతు జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు. చదవలేదు. ఫోన్‌ను బల్ల మీద, నా చేతికి దగ్గరగా పెట్టి, మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

"చెప్పు," అన్నాడు ల్యాబ్ ఆయన. ఆ మాట నాతో కాదు.

రైతు బస్సుల్నే చూస్తున్నాడు.

"మేడమ్, ముడిస్తారా? పని అయిపోతుందా?" అని ఫోన్లోంచి మేనేజరు.

అంకెలు వెలుగుతూ నా కళ్ళ ముందే ఉన్నాయి. ఇద్దరూ సరేనన్నవాళ్ళే. నేను ఆ అంకెలు కొడితే అది దొంగతనం కాదు, మోసమూ కాదు. ఆ మనిషే నా ముందు పెట్టాడు. అన్న తలుపు దగ్గర నుంచి నా వైపు చూశాడు. ఓడరేవులో ఉండగా సరుకు యజమాని సంతకం లేకుండా కాగితం కదిలించమని ఎందరో బతిమాలేవారు. అలవాటు కొద్దీ అనండి, భయం కొద్దీ అనండి, నా చేయి ముందుకు పోలేదు. ఆ ఫోన్‌ను తిప్పి, తెర కిందికి వచ్చేట్టు పెట్టాను.

తర్వాత ఏం చేయాలో తెలియక నోటికొచ్చింది అడిగేశాను. తెర మీద ఆ పేరు గడువు కనిపిస్తోంది. చాలా ఏళ్ళు ముందుకు ఉంది. ఆ తేదీ నేను మొదటి రోజే చూశాను కానీ పట్టించుకోలేదు.

"అన్ని ఏళ్ళకూ ఒకేసారి కట్టేశారా?" అన్నాను.

"లేదే," అన్నాడు ల్యాబ్ ఆయన. "ఏటా క్రిస్మస్ ముందు ఒక ఏడాదికి కట్టేవాణ్ణి."

రైతు తల తిప్పాడు. "నువ్వు కట్టేదేంది? కోతలయి వడ్లు అమ్మినాక ప్రతి ఏడూ నేను కదా కట్టేది."

"నువ్వా?"

"నేను కాకపోతే ఎవురు?"

"గడువు ముందుకు పోతా ఉంటే చూడలేదా?"

"చూసినా. కంపెనీ వాళ్ళు ఏందో ఆఫర్ కింద కలిపినారనుకున్నా."

"నేనూ అట్టనే అనుకున్నా," అన్నాడు ల్యాబ్ ఆయన, ఉన్నట్టుండి గొంతు తగ్గించి.

బకెట్లతో సహా అన్నీ పంచుకున్న ఇద్దరు మనుషులు, ఒకరికి తెలియకుండా ఒకరు, మాటల్లేని ఆ ఏళ్ళన్నీ ఆ పేరును బతికించుకుంటూ వచ్చారు. ఎవరికీ పనికిరాని పేరు. దాని వెనక వెబ్‌సైటు కూడా లేదు. ఒక ఖాళీ పేజీ, అంతే.

రైతు భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అని భయపడ్డాను. నవ్వుతున్నాడు. "ఒరే, రెండింతలు కట్టినాం రా," అన్నాడు. ల్యాబ్ ఆయన నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఎంతసేపటికీ అవి శుభ్రం కాలేదు.

"మేడమ్? ఇరుక్కింగళా? లైన్లో ఉన్నారా?" అంటున్నాడు మేనేజరు.

కోడ్ గడువు అయిపోయిందని తెర మీద ఎర్రగా వచ్చింది. "ఇంకోసారి పంపమంటారా?" అని అడిగాను. అడగడం నా ధర్మం కాబట్టి ఇద్దరినీ అడిగాను.

రైతు ల్యాబ్ ఆయన వైపు చూశాడు. మిషను కావాల్సింది ఆయనకు. చెప్పాల్సిందీ ఆయనే.

ల్యాబ్ ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "వద్దులేమ్మా," అన్నాడు.

నేను మేనేజరుకు తర్వాత ఫోన్ చేస్తానని చెప్పి పెట్టేశాను. అద్దె గుర్తొచ్చింది. పోర్టు ఆఫీసు వదిలి ఈ పని మొదలుపెట్టినందుకు మా ఆయన ముందు ఏం చెప్పాలో తోచలేదు. తలుపు వైపు చూస్తే అన్న లేడు. ఆయనకు కోపం వచ్చి వెళ్ళిపోయాడనుకున్నాను. కాసేపటికి నాలుగు కాఫీ గ్లాసులు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"సంతకాలు కాలేదు కదన్నా," అన్నాను.

"కాకపోతే ఏం? ఇంక పాతవి తీసినా పర్లేదు," అన్నాడు.

వాళ్ళు నిజంగానే పాతవి తీశారు. పిల్లను పరీక్ష చేయడం గురించి, కాలవ నీళ్ళ గురించి మళ్ళీ గట్టిగా వాదించుకున్నారు. ఈసారి నా ద్వారా కాదు, ఎదురుబొదురుగా. ఆ పేరు ఎవరు పెట్టారన్నది మాత్రం తేలలేదు. ఒకే బండి మీద పోయారని చెబితే బాగుండేది. కానీ ఎవరి బండి మీద వాళ్ళు పోయారు.

వాళ్ళు పోయాక అన్న ఖాళీ కుర్చీలో కూలబడ్డాడు. "ఏందమ్మా, చేతికొచ్చిన బేరం పోయింది," అని పెద్దగా నిట్టూర్చాడు. తర్వాత తనే నవ్వాడు. "ఇన్నేళ్ళు స్థలాలు అమ్మినా. అమ్మేదానికొచ్చి అమ్మకుండా పోయినోళ్ళ మీద కోపం రాకపోవడం ఇదే మొదలు."

మేనేజరుకు ఫోన్ చేసి, పేరు అమ్మకానికి లేదని చెప్పాను. మూడు భాషల్లో తిట్టాడు. విన్నాను. తిట్టడం ఆయన పని, వినడం నా పని. ఆ వారమంతా నేనూ అన్నా కూర్చుని ఆయనకు ఇంకో పేరు వెతికాం. అన్న చెప్పినవన్నీ లేఅవుట్ల పేర్లలా ఉండేవి. చివరికి కుదిరిన పేరు ఎవరూ తీసుకోనిది, చవకది. నాకు వచ్చింది కొంచెమే. ఆ మేనేజరు మాత్రం తర్వాత నాకు ఇంకో ఇద్దరు గిరాకీల్ని పంపించాడు. కనిపిస్తున్న కోడ్‌ను కొట్టని మనిషని వాళ్ళతో చెప్పాడట. ఆ సంగతి ఆయనకు చెప్పింది అన్నే అయ్యుంటాడు.

పిల్లలూ, అందువల్ల గది నిలబడిందని చెప్పడం లేదు. ఆ తర్వాత కూడా అద్దెకు తడుముకున్న నెలలు ఉన్నాయి. ఆ రోజు ఆ అంకెలు కొట్టి ఉంటే నా కష్టాలు కొన్ని తగ్గి ఉండేవేమో. కొట్టలేదని గొప్పగా చెప్పుకోవాలని కూడా లేదు. నేను అమ్ముతున్నది ఏమిటో నాకు సరిగా తెలిసింది ఆ బల్ల దగ్గర, అంతే. మీకు ఏ వీడియోలోనూ అది దొరకదు. ఎదుటి మనిషి ఇంటికి పోవాలి, ఆయన పెట్టిన మజ్జిగ తాగాలి, అన్న చెప్పినట్టు.

కొన్నాళ్ళకు రైతు ఒక బస్తా కొత్త బియ్యంతో మెట్లెక్కి వచ్చాడు. ఆ పేరు మీద మెయిలు పెట్టుకోవచ్చని ఎవరో చెప్పారట. తనకొకటి, వాడికొకటి చేసివ్వమన్నాడు. చేసిచ్చాను. ఎలా పంపాలో రెండుసార్లు చూపించాను. ఆయన పొడుగాటి వేళ్ళతో ఒక్కో అక్షరం వెతికి నొక్కుతూ నేర్చుకున్నాడు. అప్పుడే నా చిరునామా కూడా ఆ ఫోన్లో చేరిపోయినట్టుంది.

మర్నాడు పొద్దున్నే నాకొక మెయిలు వచ్చింది. ఆ పేరు మీద నుంచి వచ్చిన మొట్టమొదటి మెయిలు. పంపింది రైతు. నాకు రాసింది కాదు, పొరపాటున నాకు వచ్చింది. అందులో ఇలా ఉంది:

"పాత చెరువు ఒకటి మళ్ళీ పెడదామని ఉంది. నీళ్ళు తెస్తా ఉండా, బాగా చూసి చెప్పు. ఈసారి నువ్వు ఆగమంటే ఆగతా. టిఫిన్ తినబాక, ఇంటికాడ్నుంచి తెస్తా ఉండా."

రెండుసార్లు చదువుకుని, ఒక్క మాట కూడా చేర్చకుండా దాన్ని ల్యాబ్ ఆయనకు పంపించాను.